తెల్లకణాల గ్రోత్ ఫ్యాక్టర్లు చదవడం నేర్చుకుందాం, 5వ పాఠం: సున్నా గంట దగ్గర ఎన్ని ఉన్నాయి?

పోయిన పాఠం చివర ఇచ్చిన రిపోర్టుకు మీరు పంపిన జవాబులు చూశాక, ఈసారి చెబుదామనుకున్న ఐఎల్-5 (ఒక గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కణాలకు పెరగమనో బతకమనో చెప్పే ప్రొటీన్), ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) సంగతి పక్కన పెట్టేశాను. ఇంతమంది ఒకేచోట జారిపడ్డారంటే అక్కడ ఆగకుండా ముందుకెళ్లడం దండగ.

ఆ రిపోర్టు మరోసారి చూద్దాం. అంకెలు పాఠం కోసం నేను కల్పించినవే, ఎవరి ఇంటి రిపోర్టూ కాదు. కీమో తర్వాత కౌంట్ అడుగంటిన రోజున టీఎల్‌సీ (మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు) 2,200, అందులో న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలు) 20 శాతం. ఆ తర్వాత ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజక్షన్లు (ప్రయోగశాలలో బ్యాక్టీరియా చేత తయారు చేయించిన జి-సీఎస్‌ఎఫ్, న్యూట్రోఫిల్ కౌంట్ పెంచే గ్రోత్ ఫ్యాక్టర్ అన్నమాట) కొన్నాళ్లు వేశాక టీఎల్‌సీ 24,000. ఎలా పెరిగింది చెప్పండి అన్నాను, అంతే. దాదాపు అందరూ ఒకే వాక్యం రాశారు: గ్రోత్ ఫ్యాక్టర్ ఇచ్చారు కాబట్టి న్యూట్రోఫిల్స్ విభజన చెంది పెరిగాయి. గాజువాకలో ఎమ్మెల్టీ చదివే కుర్రాడైతే రక్తనాళంలో న్యూట్రోఫిల్ రెండుగా చీలుతున్నట్టు బొమ్మ కూడా గీసి పంపాడు, రంగులేసి మరీ. బొమ్మ బాగుంది బాబూ, కానీ అలాంటిది ఎవరి రక్తంలోనూ జరగదు. న్యూట్రోఫిల్ ఎముక మూలుగులోనే విభజన పని ముగించుకుని, ఇక చీలే అవకాశం లేని స్థితిలో బయటికొస్తుంది. దాని ఆయుష్షు తక్కువ, పని తక్కువకాలం, తర్వాత చచ్చిపోతుంది.

ఇంకొకరు స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఆయన. ఇంట్లో వాళ్లావిడకు ఇదే ఇంజక్షన్ పడుతోందట. "మాస్టారూ, ఇరవై నాలుగు వేలంటే ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు కాదా? లేకపోతే ల్యాబువాళ్లు అంకె తప్పు కొట్టారా?" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టారు. ఆయన టెన్షన్‌కు ఈ పాఠంలోనే జవాబుంది, కాస్త ఓపిక పట్టండి సార్.

ముందు లెక్క తేల్చేద్దాం

నేను శాతాల జోలికి పోను, రిపోర్టు చేతికి రాగానే ముందు గుణించేస్తాను. టీఎల్‌సీని న్యూట్రోఫిల్స్, బ్యాండ్ కణాలు (ఇంకా పూర్తిగా తయారు కాని న్యూట్రోఫిల్స్) రెండూ కలిపిన శాతంతో గుణించి 100తో భాగిస్తే ఏఎన్‌సీ, అంటే న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్య. మొదటి రిపోర్టులో బ్యాండ్స్ లేవు కాబట్టి 2,200 × 20 ÷ 100 = 440. మైక్రోలీటరుకు 500 కంటే తక్కువంటే తీవ్రమైన లోటు, జ్వరమొస్తే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన స్థాయి. రెండో రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 66, బ్యాండ్స్ 12, మెటామైలోసైట్లు 5, మైలోసైట్లు 3, లింఫోసైట్లు 8, మోనోసైట్లు 6. అంటే 24,000 × 78 ÷ 100 = 18,720.

మీలో చాలామంది 66 ఒక్కటే తీసుకుని 15,840 రాశారు. సరే, అది చిన్నది, దిద్దుకోండి. నాకు బాధేసింది ఏమిటంటే, ఆ 12, 5, 3 అనే మూడు అంకెల గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. జవాబు మొత్తం ఆ మూడింటిలోనే ఉంది.

రక్తంలో కౌంట్ ఏయే దారుల్లో పెరుగుతుంది

ఒక్కటే దారి అని ఎవరు చెప్పారు మీకు? మన బాణాల పటంలో ఇప్పటిదాకా గ్రోత్ ఫ్యాక్టర్ స్రవించే కణం నుంచి దాన్ని అందుకునే కణానికి ఒక గీత గీసి ఊరుకున్నాం. ఇక మీదట ప్రతి బాణం మీదా ఒక అక్షరం వేయాలి. 'వి' అంటే విభజన. 'బ' అంటే బతికించడం, చావును వాయిదా వేయడం. 'ప' అంటే పరిపక్వత, ఒక రకం కణంగా తేలేలా చేయడం. 'క' అంటే కదలిక, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపడం. ఒకే బాణం మీద రెండు మూడు అక్షరాలు ఉండొచ్చు. పెన్సిల్‌తో వేయండి, పెన్నుతో వేసినవాళ్లు తర్వాత చింపుకుంటారు.

'క' గురించి ముందు. రక్తంలో ఉన్న న్యూట్రోఫిల్స్‌లో సుమారు సగం మనకు సిరంజిలో దొరకవు, అవి చిన్న రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉంటాయి. పరుగెత్తినా, భయపడినా, అడ్రినలిన్ ఎక్కినా నిమిషాల్లో అవి గోడ వదిలి ప్రవాహంలోకి వస్తాయి, కౌంట్ పెరిగిపోతుంది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ కిటకిటలాడుతోందంటే ఆ రోజు వైజాగ్ జనాభా పెరిగిందని ఎవరైనా అంటారా? ఇళ్లలో ఉన్నవాళ్లే బయటికొచ్చారు. కౌంట్ కూడా అంతే, ఎక్కడి నుంచి వచ్చారన్నది అడగకుండా పుట్టారు అనేయకండి.

కీమోతో పాటు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇవ్వడం మామూలు. అదీ న్యూట్రోఫిల్ కౌంట్ పెంచుతుంది, గోడ మీదివాటిని దింపి, బయట ఉన్నవాటి చావు కాస్త ఆలస్యం చేసి. అదే సమయంలో లింఫోసైట్లు, ఇసినోఫిల్స్ తగ్గుతాయి. కానీ పిల్లకణాలు, అంటే బ్యాండ్స్, వాటి కంటే లేత దశలోని మెటామైలోసైట్లు, మైలోసైట్లు, పెద్దగా కనిపించవు.

ఇప్పుడు జి-సీఎస్‌ఎఫ్. ఇంజక్షన్ వేసిన కాసేపటికి కౌంట్ పెరగకపోగా కొంచెం తగ్గుతుంది, తర్వాత కొన్ని గంటల్లో గబగబా ఎక్కుతుంది. కొన్ని గంటల్లో! మైలోసైట్ దశ దాటాక విభజన ఆగిపోయి, అక్కడి నుంచి పూర్తి న్యూట్రోఫిల్‌గా తయారై రక్తంలోకి రావడానికి మామూలుగా ఐదారు రోజులు పడుతుంది. అలాంటప్పుడు మధ్యాహ్నం ఇంజక్షన్‌కు అర్ధరాత్రి పెరిగిన కౌంట్ కొత్తగా పుట్టినదెలా అవుతుంది? మూలుగులో గిడ్డంగి ఉంది, అక్కడ తయారై కూర్చున్న సరుకును ముందు వదిలింది. అది 'క'. రోజులు గడిచేకొద్దీ మూలుగులోని పూర్వకణాలు అదనంగా విభజన చెందుతాయి, అది 'వి'. ఐదారు రోజుల ప్రయాణం సగానికి సగం తగ్గిపోతుంది, అది 'ప'. తొందరపెట్టి పంపేస్తే పూర్తిగా తయారు కానివి కూడా గేటు దాటతాయి. మీరు వదిలేసిన 12, 5, 3 అవే. కాబట్టి జి-సీఎస్‌ఎఫ్ బాణం మీద వి, ప, క మూడూ పడాలి. అయితే 'వి' మొన రక్తంలోని న్యూట్రోఫిల్‌ను తాకకూడదు, మూలుగులోని పూర్వకణాన్ని తాకాలి. గాజువాక బాబూ, బొమ్మ మళ్లీ గీయి.

విభజన నిజంగా జరుగుతోందనడానికి వార్డులోనే ఒక సాక్ష్యం ఉంది. కీమో పడ్డాక 24 గంటలు గడిచేదాకా ఈ ఇంజక్షన్ వేయరు, తర్వాతి కీమోకు 24 గంటల ముందు కూడా వేయరు. నర్సింగ్ చదివేవాళ్లకు ఈ రూల్ బట్టీ ఉంటుంది, కారణం అడిగితే మాత్రం నోరు మెదపరు. కీమో మందులు ఎక్కువగా విభజనలో ఉన్న కణాలను చంపుతాయి. మనమే ఇంజక్షన్ వేసి పూర్వకణాలను విభజనకు ఉసిగొల్పి, అదే రోజు కీమో ఎక్కిస్తే, మన చేత్తో వాటిని మందు నోట్లో పెట్టినట్టే.

స్టీల్ ప్లాంట్ సార్‌కు జవాబు. ఇంజక్షన్లు నడుస్తుండగా కౌంట్ ఇంత ఎక్కడం, పిల్లకణాలు కనిపించడం మందు చేసే పనే. ఆపేశాక ఒకటి రెండు రోజుల్లో సుమారు సగానికి పడిపోయి, వారంలోపు మామూలు స్థాయికి దిగుతుంది. కానీ ఇన్‌ఫెక్షన్‌లో కూడా పిల్లకణాలు వస్తాయి, ఎందుకంటే అప్పుడు ఒంట్లోని మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు (కణజాలంలో చెత్తను మింగే పెద్ద కణాలు), రక్తనాళాల గోడల కణాలు సొంతంగా జి-సీఎస్‌ఎఫ్ గుమ్మరిస్తాయి. అదే సరుకు, వచ్చిన చోటు వేరు. కాబట్టి కాగితం చూసి ఇన్‌ఫెక్షన్ ఉందనీ లేదనీ తేల్చలేం. జ్వరం ఉందా, ఎలా ఉన్నారు అన్నది చూసి డాక్టరు చెప్పాలి. నడుం, తుంటి ఎముకల్లో నొప్పి అంటుంటే అది కూడా చెప్పండి, ఈ మందుకు అది తరచుగా వచ్చేదే.

ఇక నాకు ఒళ్లు మండే విషయం

రెండు కడ్డీల గ్రాఫ్. మీరు చదివే పేపర్లలో, సెమినార్ స్లయిడ్లలో, ఫార్మా కంపెనీల ఇంటర్వ్యూల్లో కూడా ఇదే. ఎడమవైపు పొట్టి కడ్డీ, గ్రోత్ ఫ్యాక్టర్ లేదు. కుడివైపు పొడుగు కడ్డీ, గ్రోత్ ఫ్యాక్టర్ ఉంది. పైన చుక్క గుర్తు (తేడా కాకతాళీయం కాదని సూచన). కింద ఒక వాక్యం, కణాల పెరుగుదల గణనీయంగా హెచ్చింది అని. అందరూ తలూపుతారు.

ఒక ప్లేటు తీసుకోండి. ప్రతి గుంటలో లక్ష న్యూట్రోఫిల్స్ వేశాను అనుకుందాం. కొన్నిట్లో ఉత్త మీడియం (కణాలను ఉంచే పోషక ద్రవం), కొన్నిట్లో జీఎం-సీఎస్‌ఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ కలిపాను. 24 గంటల తర్వాత బతికున్నవి లెక్కపెడితే మొదటిదాంట్లో 30,000, రెండోదాంట్లో 70,000. గ్రాఫ్‌లో రెట్టింపుకు పైగా తేడా, చూడ్డానికి ఘనంగా ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, పెరిగాయా? వేసింది లక్ష! రెండు గుంటల్లోనూ తగ్గాయి. ఒకదాంట్లో ఎక్కువ చచ్చాయి, ఇంకోదాంట్లో తక్కువ చచ్చాయి. విభజన జరిగింది సున్నా. జీఎం-సీఎస్‌ఎఫ్ ఇక్కడ చేసిన పని 'బ' ఒక్కటే.

దీన్ని పట్టుకోవడానికి కావాల్సింది మూడో కడ్డీ, సున్నా గంట కడ్డీ. ప్రయోగం మొదలైన క్షణంలో గుంటలో ఎన్ని ఉన్నాయి? అది గ్రాఫ్‌లో లేకపోతే పద్ధతుల విభాగంలో ఉంటుంది, అక్కడ వెతకండి. అక్కడా లేకపోతే "పెరిగాయి" అన్న మాటను నమ్మకండి, "తేడా ఉంది" అన్నంత వరకే తీసుకోండి. నేనైతే గ్రాఫ్ మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీస్తాను, సున్నా గంట అంకె దగ్గర. కడ్డీ ఆ గీత దాటిందా, కిందే ఉందా అన్నది చూశాకే మిగతా పేపరు చదువుతాను.

మోనోసైట్ తీసుకోండి. రక్తంలోంచి తీసిన మోనోసైట్లకు ఎం-సీఎస్‌ఎఫ్ అనే మరో ఫ్యాక్టర్ కలిపి వారం ఉంచితే అవి బలిసి, సాగి, మాక్రోఫేజ్‌లుగా మారతాయి. కలపకపోతే చాలావరకు చచ్చిపోతాయి. వారం తర్వాత ఫోటో చూసినవాళ్లకు ఒక ప్లేటు ఖాళీగా, ఇంకోటి నిండుగా కనిపిస్తుంది, "అబ్బ, ఎంత పెరిగాయో" అంటారు. కణం సైజు పెరిగింది, సంఖ్య కాదు. బ, ప. ఇసినోఫిల్స్ దగ్గర కూడా ఐఎల్-5 చేసే మేలులో పెద్ద భాగం చావును ఆపడమే, అది వచ్చే పాఠంలో చెబుతాను.

ఇదంతా నా చాదస్తం అనుకోకండి. ఈ కాలనీ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టర్లు (సీఎస్‌ఎఫ్‌లు) ఆపొప్టోసిస్‌ను, అంటే కణం తనంతట తాను చచ్చే పద్ధతిని, అణచిపెట్టి కణాలను బతికిస్తాయని ఇంగ్లండ్‌లో విలియమ్స్, డెక్స్‌టర్ ఉన్న బృందం 1990లో చూపించింది. ఇక ఈ ఫ్యాక్టర్ల రంగానికే పెద్దదిక్కు డొనాల్డ్ మెట్‌కాఫ్. 1960ల నడుమ ఆయన, బ్రాడ్లీ కలిసి ఆస్ట్రేలియాలోనూ, ప్లుజ్నిక్, సాక్స్ ఇజ్రాయెల్‌లోనూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, మెత్తటి అగార్ అనే జెల్లీలో ఒక్కొక్క పూర్వకణం నుంచి కాలనీ, అంటే కణాల గుంపు, పుట్టించే పద్ధతి కనిపెట్టారు.

ఎంటీటీ పరీక్ష ఒకటుంది, 1983లో మోస్‌మన్ ప్రవేశపెట్టాడు, పసుపురంగు ద్రవం వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి, ఆ రంగు చిక్కదనం మిషన్ కొలుస్తుంది. చవక, సులువు, మన దగ్గర బీఎస్సీ ప్రాజెక్టుల్లో సగం దాని మీదే. దానికి పెట్టే శీర్షిక మాత్రం ఎప్పుడూ "ప్రొలిఫరేషన్ పరీక్ష", అంటే విభజనతో సంఖ్య పెరగడం కొలిచే పరీక్ష అని. అది కొలిచేది బతికున్న కణాల జీవక్రియను తల్లీ, విభజనను కాదు! ఎక్కువ కణాలున్నా రంగు వస్తుంది, అవే కణాలు ఎక్కువ చురుగ్గా ఉన్నా రంగు వస్తుంది, తక్కువ చచ్చినా రంగు వస్తుంది. మద్దిలపాలెం నుంచి రాసిన అమ్మాయి తన ప్రాజెక్టు గ్రాఫ్ పంపింది, న్యూట్రోఫిల్స్ మీద ఎంటీటీ చేసి ప్రొలిఫరేషన్ 140 శాతం అని రాసింది. అసలు విభజన చెందని కణానికి ఆ శీర్షిక ఎలా పెట్టారమ్మా? మీ గైడ్‌ను కూడా ఇదే అడగండి, మర్యాదగా.

నిజంగా విభజన జరిగిందని ఎలా తెలుస్తుంది

కొత్త డీఎన్ఏ తయారైతే దాంట్లోకి చేరే పదార్థం వేసి కొలవొచ్చు, రేడియోధార్మిక థైమిడిన్‌తో పాతకాలం వాళ్లు చేసింది అదే. నాకిష్టమైనది సీఎఫ్ఎస్ఈ అనే రంగు. లయన్స్, ప్యారిష్ 1994లో చూపించిన పద్ధతి. కణం లోపల ప్రొటీన్లకు ఈ రంగు అంటుకుంటుంది, కణం రెండుగా చీలినప్పుడు రంగు కూడా చెరిసగం అవుతుంది. మొదట మెరుపు 1,600 ఉంటే ఒక విభజన తర్వాత 800, రెండైతే 400, మూడైతే 200. ఫ్లో సైటోమీటర్ (ఒక్కొక్క కణం మెరుపును కొలిచే మిషన్) మీద మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఇక్కడ ఎవరూ వాదించలేరు, ఏ కణం ఎన్నిసార్లు చీలిందో దాని ఒంటి మీదే రాసి ఉంది.

అలా మెట్లు చూపించే మంచి ఉదాహరణ టీ-కణం (లింఫోసైట్లలో ఒక రకం), దాని గ్రోత్ ఫ్యాక్టర్ ఐఎల్-2. 1976లో మోర్గాన్, రుసెట్టి, గాలో కలిసి, పీహెచ్ఏతో రెచ్చగొట్టిన మనిషి లింఫోసైట్లు పెరిగిన ద్రవాన్ని వాడి టీ-కణాలను చాలాకాలం పెంచగలిగారు. ఆ ద్రవంలో ఉన్నదే తర్వాత ఐఎల్-2 అయింది. పీహెచ్ఏ అంటే మరేదో అనుకోకండి, రాజ్మా గింజల్లోంచి తీసే ప్రొటీన్. అది లింఫోసైట్లను విభజనకు దింపుతుందని 1960లో పీటర్ నోవెల్ గమనించాడు, ఈ రోజుకీ క్రోమోజోముల పరీక్షకు రక్తం ఇస్తే ల్యాబులో దాంతోనే సుమారు 72 గంటలు కల్చర్ పెడతారు.

టీ-కణం ఐఎల్-2ను స్రవిస్తుంది, మళ్లీ తానే అందుకుంటుంది. బాణం బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. మీద 'వి' వేయండి. కానీ నిద్రపోతున్న టీ-కణం మీద ఐఎల్-2 పోస్తే పెద్దగా ఏమీ జరగదు, ఎందుకంటే గట్టిగా పట్టుకునే రిసెప్టర్‌లో సీడీ25 అనే ముక్క రెచ్చగొట్టాకే బాగా పైకొస్తుంది. రిసెప్టర్ అంటే ఏమిటో మళ్లీ చెప్పను, అది ఇంటర్ బైపీసీలోనే అయిపోయింది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఈ ఐఎల్-2 తయారీనే అడ్డుకుంటాయి. బాణాన్ని మొదట్లోనే తుంచేస్తాయన్నమాట.

ఎవరు స్రవించారు అన్నదానికీ ఇదే పట్టుదల కావాలి

పోయినసారి కొందరు జి-సీఎస్‌ఎఫ్ బాణాన్ని న్యూట్రోఫిల్ నుంచి బయలుదేరదీశారు. పేరు చూసి ఊహించడం మానండి, సాక్ష్యం చూడండి. సాక్ష్యం ఎలా పుడుతుందో ఒక్క ఉదాహరణ చాలు. 1970లో పైక్, రాబిన్సన్ మనిషి మూలుగు కణాలతో అగార్ కాలనీలు పెంచినప్పుడు అడుగు పొరలో మనిషి తెల్లరక్తకణాలనే పరిచారు, పై పొరలో మూలుగు కణాలు. కింది పొర స్రవించినది అగార్‌లోంచి పైకి పాకి కాలనీలు పుట్టించింది. సరే, తెల్లకణాల్లో ఏది? 1972లో షెర్వెనిక్, లోబూలియో ఒకవైపు, గోల్డ్, క్లైన్ ఇంకోవైపు కణాలను రకాలుగా విడదీసి చూశారు, అది మోనోసైట్ అని తేలింది. విడదీశారు, ఒక్కొక్కటీ విడిగా పరీక్షించారు. ఇదే పద్ధతి.

ఇంకో పద్ధతి తీసేసి చూడటం. రసెల్ రాస్ బృందం గినీపందుల గాయాల మీద చేసింది. 1972లో న్యూట్రోఫిల్స్ తీసేసినా గాయం మానడం ఆగలేదు. 1975లో మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు రెండూ బాగా తగ్గిస్తే గాయం శుభ్రపడటం, కొత్త కండ పూడటం వెనకబడ్డాయి. మాక్రోఫేజ్ స్రవించే పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు గాయంలోని ఫైబ్రోబ్లాస్ట్‌లకు (కొత్త కండ అల్లే కణాలకు) పని చెబుతాయని తర్వాత వివరంగా తెలిసింది. అదే టీజీఎఫ్-బీటా లింఫోసైట్ విభజనను ఆపుతుంది, కాబట్టి దాని రెండో బాణానికి మొన బదులు అడ్డగీత పెట్టండి.

ఎర్రకణాలను పెంచే ఎరిథ్రోపొయిటిన్ ప్రధానంగా కిడ్నీది, ప్లేట్‌లెట్లను పెంచే థ్రాంబోపొయిటిన్ లివర్‌ది. తెల్లకణాల పటంలోకి లాక్కురాకండి.

'ప' గురించి కూడా ఒక ప్రయోగం చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అది చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. మెట్‌కాఫ్, బర్జెస్ 1982లో ఎలుక పూర్వకణం ఒకటి రెండుగా చీలగానే, ఆ ఇద్దరు అక్కచెల్లెళ్లను సూక్ష్మంగా విడదీసి ఒకదాన్ని జీఎం-సీఎస్‌ఎఫ్‌లో, రెండోదాన్ని ఎం-సీఎస్‌ఎఫ్‌లో పెంచారు. ఒకే తల్లి బిడ్డలు, కానీ చుట్టూ ఉన్న ఫ్యాక్టర్‌ను బట్టి వాటి సంతానం వేరే దారి పట్టింది.

చివరగా పటానికి ఒక తిరుగు బాణం. న్యూట్రోఫిల్ తన రిసెప్టర్‌తో జి-సీఎస్‌ఎఫ్‌ను పట్టి మింగేస్తుంది. న్యూట్రోఫిల్స్ తక్కువుంటే మింగేవాళ్లు లేక జి-సీఎస్‌ఎఫ్ ఎక్కువకాలం నిలుస్తుంది, అవి పెరిగితే అదే తగ్గిపోతుంది. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌ను (పెగ్ అనే పాలిమర్ తగిలించిన ఫిల్‌గ్రాస్టిమ్) కీమోకు ఒక్కసారి, పెద్దలకు 6 మిల్లీగ్రాములు, వేసి ఊరుకోవడం దీనివల్లే కుదురుతోంది. పెగ్ తగిలించాక అది కిడ్నీ గుండా పెద్దగా పోలేదు, కౌంట్ కోలుకున్నప్పుడు న్యూట్రోఫిల్సే దాన్ని ఊడ్చేస్తాయి.

అభ్యాసం

మొదటిది తేలిక. రెండు రిపోర్టులు, రెండింటిలో టీఎల్‌సీ 18,000. అ: న్యూట్రోఫిల్స్ 86, బ్యాండ్స్ 1, లింఫోసైట్లు 8, మోనోసైట్లు 5, ఇసినోఫిల్స్ 0. ఆ: న్యూట్రోఫిల్స్ 62, బ్యాండ్స్ 16, మెటామైలోసైట్లు 6, మైలోసైట్లు 2, లింఫోసైట్లు 8, మోనోసైట్లు 5, ఇసినోఫిల్స్ 1. ఏఎన్‌సీ కట్టండి. ఒకరికి డెక్సామెథసోన్ మాత్రమే పడింది, ఒకరికి జి-సీఎస్‌ఎఫ్. ఎవరికి ఏది, ఏ అంకె చూసి చెప్పారు, ఈ రిపోర్టులు చూసి ఏమేం తేల్చలేం, మూడూ రాయండి. ల్యాబులో ఉన్నవాళ్లు వీలైతే స్లయిడ్ కూడా చూడండి, కానీ మన సముద్రపు ఉక్కలో స్లయిడ్ సరిగా ఆరకపోతే కణాల రూపం చెడుతుంది, ఫ్యాన్ కింద ఆరబెట్టి గానీ స్టెయిన్ వేయకండి.

రెండోది కూర్చుని చేయాలి, బస్సులో చేసేది కాదు. గుంటలో 4,000 టీ-కణాలకు సీఎఫ్ఎస్ఈ వేసి, రెచ్చగొట్టి, ఐఎల్-2 ఇచ్చాం. మెరుపు 1,600. నాలుగు రోజుల తర్వాత బతికున్నవి: 1,600 దగ్గర 1,000 కణాలు, 800 దగ్గర 1,000, 400 దగ్గర 2,000, 200 దగ్గర 4,000. మొత్తం 8,000, సరిగ్గా రెట్టింపు, కాబట్టి ప్రతి కణం ఒక్కోసారి చీలింది అని ఎవరైనా రాస్తే అక్కడితో ఆపేస్తాను. మొదటి 4,000లో ఇప్పుడు బతికున్న ఈ 8,000కు మూలపురుషులు ఎంతమంది? వాళ్లలో ఎంత శాతం కనీసం ఒక్కసారైనా చీలారు? లెక్కలో కనబడకుండా పోయినవాళ్లు ఎంతమంది, వాళ్లకేమై ఉంటుంది? ఈ గుంట పక్కన ఇంకే గుంట పెట్టి ఉంటే ఐఎల్-2 వల్ల జరిగింది 'వి' ఎంత, 'బ' ఎంత అని విడదీయగలిగేవాళ్లం?

పటం కూడా గీసి పంపండి. తెల్ల కాగితం మీద, చేత్తో, ప్రతి బాణానికీ అక్షరంతో. నెట్‌లోంచి దించిన రంగుల బొమ్మలు పంపితే తెరవను. స్టీల్ ప్లాంట్ సార్ రెండోది వదిలేసినా పర్వాలేదు, మొదటిది మాత్రం చేయండి.